నెలకో మాట: ముందు

ఈ నెల మన మాట చాలా చిన్నది. మూడేళ్ల పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట 'ముందు'.

చిన్న మాటే గానీ చాలా పని చేస్తుంది. 'గుడి ముందు కారు ఆపాను' అంటే చోటు. 'నీకంటే ముందు నేను వచ్చాను' అంటే కాలం. 'ముందు అన్నం తిను, తర్వాత ఆడుకో' అంటే వరస. 'ముందు ముందు ఏమవుతుందో' అంటే ఇంకా రాని రోజులు. ఆ రాని రోజుల గురించి ఇప్పుడే ఆలోచిస్తే దాన్ని 'ముందుచూపు' అంటాం.

నేను శనివారం గుడి క్లాసులో తెలుగు నేర్చుకునేటప్పుడు అయ్యవారిని అడిగాను. "అయ్యవారూ, ఎదురుగా ఉన్నదానికీ మొదట చేసేదానికీ ఒకటే మాట ఎందుకు?" ఆయన నవ్వి, "ఎదురుగా ఉన్నదాన్నే కదమ్మా మనం మొదట చేస్తాం" అన్నారు. అప్పుడు నాకు పదేళ్లు. జవాబు బాగుందనుకుని రాసుకున్నాను. అది బాగున్న జవాబు కాదు, భయపడాల్సిన జవాబు అని 2025 ఫిబ్రవరిలో, మా చెల్లి గరాజులో నాకు అర్థమైంది.

మా చెల్లికి చిన్న వ్యాపారం ఉంది. చాట్స్‌వర్త్‌లో ఇంటి పక్కనున్న గరాజే దాని వంటిల్లు. సమూసాలు, మురుకులు, చేమ ఆకులతో చేసే పాతా, దీపావళికి మిఠాయిలు. (మన ఇళ్లలో మురుకు అంటాం. ఆంధ్రలో జంతికలు అంటారు. రెండూ రాసుకోండి.) అమ్మ మొదలుపెట్టింది, వంటగది బల్ల మీద, మేం స్కూల్లో ఉన్నప్పుడు. అమ్మ పోయాక చెల్లి దాన్ని పెంచింది. ఇప్పుడు రెండు స్కూళ్ల టక్‌షాపులకు, ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు రోజూ సరుకు వెళ్తుంది. సాయానికి ఇద్దరు ఆడవాళ్లు వస్తారు. మా మరిది బస్సు నడుపుతాడు, తెల్లవారకముందే వెళ్లిపోతాడు. (చెల్లెలి భర్త మనకు మరిది. అక్క భర్త బావ. ఇది ముందు ఒక నెలలో చెప్పుకున్నాం.)

ఆ శనివారం నేను ఊరికే టీ తాగుదామని వెళ్లాను. చెల్లి నాలుగు బంగారు గాజులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. అమ్మ గాజులు.

"వీటికి ఎంత వస్తుందక్కా?" అంది.

నాకు నోట మాట రాలేదు. తర్వాత మెల్లగా అడిగితే చెప్పింది. నూనెకు, మైదాకు డబ్బు లేక ఒక వడ్డీ మనిషి దగ్గర 12,000 రాండ్లు తీసుకుంది. ప్రతి నెలా వడ్డీ పెరుగుతోంది. ఫిబ్రవరి చివరికి పన్ను కట్టాలి. సొంత వ్యాపారం ఉన్నవాళ్లు ఏడాదికి రెండుసార్లు, ఆగస్టు చివర, ఫిబ్రవరి చివర, ముందుగానే లెక్క వేసి పన్ను కడతారని మీలో చాలామందికి తెలుసు. అటు అప్పు, ఇటు పన్ను. 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అని తెలుగులో ఒక సామెత ఉంది. ముందుకు అడుగేస్తే బావిలో పడతాం, వెనక్కి వేస్తే గోతిలో పడతాం.

"గిరాకీ లేదా?" అన్నాను. గిరాకీ అంటే కొనేవాళ్లు.

"బోలెడు ఉంది. చేయలేకపోతున్నాను."

"మరి డబ్బేదీ?"

"స్కూళ్లు ఇవ్వాలి."

"ఎందుకివ్వడం లేదు?"

చెల్లి కిందికి చూసింది. "బిల్లులు ఇంకా రాయలేదక్కా."

సరుకు ఇచ్చిన లెక్కల పుస్తకం బకీలో, సీటు కింద ఉంది. పిండి, నూనె మరకలు. నేను స్కూల్లో ఇ.ఎం.ఎస్. చెప్తాను, అంటే పిల్లలకు జమాఖర్చులు, వ్యాపారం నేర్పే పాఠం. కాబట్టి కాలిక్యులేటర్ తీసుకుని అక్కడే కూర్చున్నాను. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్. మూడు నెలలు, రెండు టక్‌షాపులు. మొత్తం 38,400 రాండ్లు. అమ్మ గాజులు అమ్మడానికి సిద్ధపడిన మనిషి సొంత డబ్బు 38,400 రాండ్లు బకీ సీటు కింద పడి ఉంది.

నాకు కోపం వచ్చింది. అక్కలకు వస్తుంది. కానీ ఆమె బద్ధకస్తురాలు కాదు. పొద్దున మూడున్నరకు లేస్తుంది. రాత్రి పదిన్నరకు పడుకుంటుంది. మధ్యలో ఒక్క నిమిషం ఊరికే ఉండదు. "టైము ఎక్కడుందక్కా?" అని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. టీచర్లం కదా, జవాబు లేకపోతే చార్టు గీస్తాం.

ఇంటికి వెళ్లి పెద్ద కాగితం మీద నాలుగు గళ్లు గీశాను. ఈ నాలుగు గళ్ల పటం మీలో కొందరు ఆఫీసుల్లో చూసి ఉంటారు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ఉపన్యాసంలో తొందర పనులు వేరు, ముఖ్యమైన పనులు వేరు అనే మాట చెప్పారు. అదీ తన సొంత మాట కాదని, ఒక కాలేజీ పెద్ద చెప్పిందని అన్నారు. తర్వాత స్టీఫెన్ కవీ 1989లో రాసిన పుస్తకంతో ఆ నాలుగు గళ్లు ప్రపంచమంతా తిరిగాయి. తొందరా ముఖ్యమూ అయినవి ఒక గడిలో, ముఖ్యమే గానీ తొందర లేనివి ఇంకో గడిలో, అలా. నేను ఎరుపు, పచ్చ, నీలం రంగులు కూడా వేశాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది.

చెల్లి దాన్ని గోడకు అంటించింది. మర్నాడు వెళ్లి చూస్తే పనులన్నీ మొదటి గడిలోనే ఉన్నాయి. మిగతా మూడు గళ్లు ఖాళీ. "అన్నీ తొందరే, అన్నీ ముఖ్యమే" అంది. నా మీద జాలిపడి చెప్పినట్టు చెప్పింది. వారం తర్వాత ఆ కాగితం మీద నూనె గిన్నె ఉంది.

నా తప్పేమిటో తర్వాత తెలిసింది. ఏది ముఖ్యమో ఆమెకు ఇంకా తెలియదు. తెలియనిదాన్ని ఏ గడిలో పెడుతుంది? అడిగితే అందరం ఊహించి చెప్తాం. లెక్క చూసి చెప్పాలి.

అందుకని రెండోసారి చార్టు వేయలేదు. ఒక మామూలు నోటు పుస్తకం ఇచ్చాను. చెల్లి కూతురు దాంట్లో గీతలు గీసింది, అరగంటకు ఒక గీత. వారం రోజులు, ప్రతి అరగంటకూ ఏం చేశావో రెండు మాటల్లో రాయి, ఏమీ మార్చకు, ఏమీ దాచకు అన్నాను. 'మైదా కలపడం.' 'ఫోను.' 'బకీలో.' 'ఫోను.' 'మురుకు.' 'ఫోను.' కొన్నిచోట్ల పిండి చేతి ముద్రే ఉంది, మాట లేదు. అదీ సమాధానమే.

ఆదివారం సాయంత్రం ముగ్గురం కూర్చుని కూడాం. ఆ వారం ఆమె పని 83 గంటలు. అందులో స్కూళ్లకు, క్యాంటీన్‌కు చేసినది 31 గంటలు. సరుకులు, కూలీ పోగా దానివల్ల మిగిలేది 6,200 రాండ్లు. అంటే గంటకు 200.

తర్వాత చిన్న ఆర్డర్లు. వాట్సాప్‌లో వస్తాయి. 'ఆంటీ, రెండు డజన్లు సాయంత్రానికి.' 'అక్కా, మా ఇంటికి చుట్టాలొచ్చారు.' ఫోనులో మాటలు, విడిగా వేయించడం, ఇంటింటికీ తీసుకెళ్లడం అన్నీ కలిపి 19 గంటలు. వచ్చిన డబ్బు 2,150 రాండ్లు. సరుకులకు 900, పెట్రోలుకు 720 తీసేస్తే 530. గంటకు 28 రాండ్ల లోపు. తన దగ్గర సాయానికి వచ్చే ఆవిడకు చెల్లి గంటకు 35 ఇస్తుంది.

చెల్లి ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. "అంటే నాకు నేను ఇచ్చుకునేది ఇంతేనా?" అంది.

ఇక బిల్లులు, లెక్కలు. వారం మొత్తం మీద 40 నిమిషాలు. అదీ నేను వెనకపడ్డాను గనుక.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఈ నెల ఈ మాట గురించి రాయడానికి అసలు కారణం ఇదే. నేను పాత లెక్కలు తిరగేస్తుంటే 2023 బిల్లులు కనిపించాయి. ఒక్కటీ ఆలస్యం లేదు. ప్రతి శుక్రవారం తేదీ, చక్కని చేతిరాత. 2023 గుర్తుందా? లోడ్ షెడ్డింగ్ మనల్ని అన్ని ఏళ్లకంటే ఎక్కువ ఏడిపించిన ఏడు. కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడాది ఆమె వ్యాపారం కుంటుతూ నడిచింది గానీ, బిల్లులు మాత్రం టైముకు వెళ్లాయి.

"అప్పుడెలా రాశావే?"

చెల్లి ఆలోచించింది. "కరెంటు పోతే మిక్సర్ తిరగదు కదా. వైఫై ఉండదు, వాట్సాప్ మోగదు. గరాజులో ఇంకేం చేస్తాను? బ్యాటరీ దీపం పెట్టుకుని బిల్లులు రాసేదాన్ని."

2024 మార్చి చివర్లో లోడ్ షెడ్డింగ్ ఆగింది. తర్వాత పది నెలల పాటు లేదు. దేశమంతా ఊపిరి పీల్చుకుంది, చెల్లి కూడా. ఆ చీకటి గంటలు పోయాయి. వాటితో పాటు బిల్లులు రాసే గంట కూడా పోయింది. ఆ గంట పోయిందని ఎవరూ గమనించలేదు. ఖాళీ అయిన చోటులోకి ఫోను వచ్చి కూర్చుంది.

అయ్యవారి మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్నదాన్నే మొదట చేస్తాం. మోగే ఫోను ఎదురుగా ఉంటుంది. గేటు దగ్గర నిలబడి పిలిచే మనిషి ఎదురుగా ఉంటుంది. బిల్లు మోగదు. పన్ను తేదీ గేటు దగ్గరికి వచ్చి పిలవదు. ఫ్రీజర్ తలుపు రబ్బరు చిరిగిపోతున్నా 'అమ్మా, నన్ను చూడు' అనదు. (2022లో ఆ రబ్బరే పాడై ఒక్క రాత్రిలో 600 సమూసాలు పారేయాల్సి వచ్చింది. కొత్త రబ్బరు ఖరీదు 450 రాండ్లు. ఈ మధ్యనే వేయించింది.) చిన్న వ్యాపారాన్ని నిలబెట్టే పనులు చాలా వరకు నోరులేనివి. పెద్ద కంపెనీలో అయితే వాటి కోసం జీతమిచ్చి ఒక మనిషిని పెడతారు. గరాజులో ఆ మనిషీ మనమే, మైదా కలిపే మనిషీ మనమే. మైదా చేతికి అంటుకుని ఉంటుంది, బిల్లు అంటుకోదు.

మన పాతవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసని నాకనిపిస్తుంది. మా అవ్వ ఒక డబ్బా గురించి చెప్పేది. అవ్వ వాళ్ల నాయన ఉత్తర తీరంలో ఒక చెరకు తోటలో గిర్మిట్ చేశాడు. అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏటా నెల జీతానికి ఒక షిల్లింగు ఎక్కువ. ఒప్పందం అయ్యాక కొంచెం నేల కౌలుకు తీసుకుని కూరగాయలు పండించాడు. కానీ 1895 చట్టం తర్వాత వచ్చినవాళ్లు ఒప్పందం అయ్యాక ఇక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలి. మగవాళ్లు, ఆడవాళ్లు, 16 ఏళ్లు నిండిన అబ్బాయిలు, 13 ఏళ్లు నిండిన అమ్మాయిలు, తలా 3 పౌండ్లు. 3 పౌండ్లు అంటే 60 షిల్లింగులు. గిర్మిట్‌లో మొదటి ఏడాది జీతం లెక్కన ఆరు నెలల కష్టం. కట్టలేకపోతే మళ్లీ గిర్మిట్‌లోకి పోవాలి, లేదా ఓడెక్కి వెనక్కి పోవాలి. 1913లో పెద్ద సమ్మె జరిగింది, 1914లో ఆ పన్ను పోయింది. చరిత్ర పుస్తకాల్లో చదివే ఉంటారు.

చరిత్ర పుస్తకాల్లో లేనిది మా ముత్తవ్వ డబ్బా. ఎవరైనా ముల్లంగి కట్ట కొని డబ్బిస్తే ఆ డబ్బు మొదట ఆ డబ్బాలోకి పోయేది. ఆ తర్వాతే విత్తనాలు, ఆ తర్వాతే బియ్యం, ఉప్పు. ఇంట్లో దాని పేరు 'ముందు డబ్బా'. పిల్లలు ఆకలితో ఏడ్చినా ఆ డబ్బా మూత తీసేవాళ్లు కాదట. చిన్నప్పుడు ఆ కథ వింటే నాకు ముత్తవ్వ మీద కోపం వచ్చేది. పిల్లల కంటే డబ్బు ఎక్కువా అని. ఏడ్చే బిడ్డ ఎదురుగా ఉంది, పన్ను ఎదురుగా లేదు. కానీ ఆ పన్ను కట్టకపోతే బిడ్డ తండ్రి మళ్లీ అయిదేళ్లు తోటలోకి పోతాడు. అంత కఠినమైన లెక్క మనకెవరికీ రాకూడదు. చెల్లి లెక్క అంత కఠినం కాదు. అయినా ఈ కథ చెప్పగానే ఆమె బ్యాంకులో ఇంకో ఖాతా తెరిచింది. వచ్చే ప్రతి 100 రాండ్లలో 8 దాంట్లో వేస్తుంది, పన్ను కోసం. ఫోనులో ఆ ఖాతాకు 'ముందు డబ్బా' అని పేరు పెట్టుకుంది.

ఇంతవరకు తేలికే. కష్టమైనది తర్వాత వచ్చింది. ఏది ముందు చేయాలో చెప్పడం ఎవరికైనా వచ్చు. రోజుకు గంటలు పెరగవు కాబట్టి ఒకటి ముందుకొస్తే ఇంకొకటి బయటికి పోవాలి. ఏది పోవాలి? లెక్క స్పష్టంగా చెప్పింది, చిన్న ఆర్డర్లు పోవాలని. నేను ఆ మాట అన్నాను.

చెల్లికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అక్కా, ఆ వెనక వీధి ఆంటీ అమ్మ చేతి సమూసా తిన్న మనిషి. అమ్మ మొదటి గిరాకీ ఆవిడే. ఇప్పుడు నడవలేదు. ఒక్క డజను కోసం గేటు దగ్గరికి రమ్మంటానా?"

నేను ఏమీ అనలేకపోయాను. నేను లెక్కలో అంకె చూశాను, ఆమె మనిషిని చూసింది. ఇద్దరిదీ నిజమే.

దారి చూపింది చెల్లి కూతురు. యూనివర్సిటీలో చదువుతోంది, తెలుగు అంతంత మాత్రం. కానీ ఆ రోజు చక్కగా మాట్లాడింది. "పెద్దమ్మా, నడవలేనివాళ్లు ముగ్గురే. మిగతా ఇరవై రెండు మందికి కార్లు ఉన్నాయి. కొందరికి రెండు."

జాబితా తీసి చూస్తే నిజమే. 'పాత గిరాకీ' అని మేం జాలిపడుతున్న పేర్లలో ఎక్కువమంది మాకంటే బాగున్నవాళ్లు. ఇంటికి తెచ్చిస్తోంది గనుక తెప్పించుకుంటున్నారు, అంతే. కాబట్టి ఇలా తేల్చుకున్నాం. చిన్న ఆర్డర్లు గురువారం రాత్రిలోపు చెప్పాలి. శనివారం రెండు నుంచి నాలుగు లోపు గేటు దగ్గరికి వచ్చి తీసుకోవాలి. ఆరు రకాల సమూసాలు లేవు, మూడే: బంగాళాదుంప, మటన్ ఖైమా, చీజ్-కార్న్. ఆ ముగ్గురు పెద్దవాళ్లకు మాత్రం శనివారం సాయంత్రం చెల్లే తీసుకెళ్తుంది, కూర్చుని టీ తాగి వస్తుంది. ఆ డజన్లు వ్యాపారం లెక్కలో రాయదు. అది చుట్టరికం. చుట్టరికాన్ని వ్యాపారం గడిలో పెట్టినందుకే ఇన్నాళ్లూ రెండూ పాడయ్యాయి. వెళ్లినా బకీ ఇంజను ఆపకుండా డబ్బా ఇచ్చి వచ్చేది, పాపం ఆ ఆంటీతో రెండు మాటలు కూడా మాట్లాడేది కాదు.

అందరూ సంతోషించలేదు. నలుగురు ఐదుగురు వేరే చోట కొనుక్కుంటున్నారు. ఒకావిడ గుడిలో నన్ను చూసి ముఖం తిప్పుకుంటుంది. 'చదువుకున్న అక్క వచ్చి చెల్లిని పాడు చేసింది' అని నా వెనక అన్నదట. అనుకోనివ్వండి. అయినా ఆవిడ ముఖం తిప్పుకున్నప్పుడల్లా నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

బిల్లుల కోసం బుధవారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు. ఆ టైముకు స్కూళ్ల సరుకు వెళ్లిపోయి ఉంటుంది. గరాజు తలుపు దించేస్తుంది. ఫోను కూతురి దగ్గర. కరెంటు ఉన్నా లేనట్టే. మా ఇంట్లో దాన్ని 'చీకటి గంట' అంటున్నాం. మొదటి రెండు వారాలు చెల్లి ఆ రెండు గంటలూ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కూర్చుని రాయడం ఆమెకు పని చేసినట్టు అనిపించదు. చెమట పట్టదు కదా. మన వాళ్లలో చాలామందికి ఈ జబ్బు ఉంది. చెమట పడితేనే పని అనుకుంటాం. తోటల్లో పనిచేసిన వాళ్ల మనవలం, ఆశ్చర్యమేముంది?

ఇంకొక అలవాటు చేసుకుంది. రాత్రి పడుకునే ముందు (చూశారా, మళ్లీ మన మాట) చిన్న కాగితం మీద రేపటి పనులు మూడే రాస్తుంది. వంట అందులో రాయదు, వంట ఎలాగూ చేస్తుంది. మూడింట్లో మొదటిది డబ్బు లోపలికి తెచ్చేది అయి ఉండాలి: బిల్లు పంపడం, బాకీ అడగడం, కొత్త క్యాంటీన్‌తో మాట్లాడటం. నాలుగో పని గుర్తొస్తే కాగితం వెనక రాస్తుంది. వెనకవైపు రాసినవాటిలో సగం వారం తర్వాత చూస్తే అసలు అక్కర్లేనివే అంటుంది.

ఆ 38,400 సంగతి అడుగుతారు. ఒక స్కూలు మూడు వారాల్లో మొత్తం ఇచ్చేసింది. ఇంకో చోట సెప్టెంబర్ సరుకు తీసుకున్నట్టు కొన్ని రోజులు సంతకాలు లేవు. ఎవరిని తప్పుపట్టగలం? అప్పుడే బిల్లు పంపి ఉంటే ఎవరికైనా గుర్తుండేది. 2,900 రాండ్లు పోయాయి. మిగతాది వచ్చింది. ఫిబ్రవరి పన్ను ఆలస్యంగా, జరిమానాతో కట్టింది. వడ్డీ మనిషి అప్పు ఏప్రిల్‌లో తీరింది. ఆగస్టు పన్ను 'ముందు డబ్బా' నుంచి, తేదీకి రెండు రోజుల ముందే వెళ్లింది. ఆ రోజు నాకు ఫోను చేసి ఏమీ చెప్పకుండా నవ్వింది. గాజులు అలమారలో ఉన్నాయి.

ఇదంతా చదివి నన్ను తెలివైనదాన్ని అనుకోకండి. చెల్లికి ఇచ్చినట్టే నోటు పుస్తకం ఒకటి నేనూ పెట్టుకున్నాను, ఒక వారం. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దడానికి ముందు నేను ఎన్నిసార్లు టీ పెట్టుకుంటానో, అల్మారా సర్దుతానో అందులో ఉంది. ఆ పుస్తకం ఎవరికీ చూపించలేదు.

ఇప్పుడు దీపావళి మిఠాయిల ఆర్డర్లు మొదలయ్యాయి. ఈసారి ఆర్డరు చెప్పినప్పుడే సగం డబ్బు ఇవ్వాలని చెల్లి గేటుకు కాగితం అంటించింది. తెలుగులోనూ రాసింది, 'ముందు సగం, తర్వాత సగం'. తప్పుల్లేవు, నేనే చూశాను. ఆమెతో మాట్లాడాలంటే బుధవారం పదకొండు దాటాక ఫోను చేయండి. అక్కనైనా సరే, నాకూ అదే టైము ఇచ్చింది.

ఈ నెల ఇంటి పని: మీ దుకాణమో, ఉద్యోగమో, వంటిల్లో, ఏదైనా సరే. మూడు వాక్యాలు తెలుగులో రాయండి. మొదటిది 'నేను ముందు...' అని మొదలవ్వాలి. రెండోది 'తర్వాత...' అని. మూడోది 'ఇకనుంచి నేను... చేయను' అని. మూడోది రాయడానికి ఎక్కువసేపు పడుతుంది, తొందరపడకండి. గుడి క్లాసుకు వచ్చేవాళ్లు శనివారం తెస్తే కలిసి దిద్దుకుందాం.

వచ్చే నెల మాట: 'బాకీ'.